బీబీసీ మైక్రో తెరను రికార్డు చేయాలి, బడ్జెట్ నాలుగు వేలు, ఏం కొనాలి?

పాతపెట్టె:
ఒక స్కూలు వాళ్లు పాత సామాను తీసేస్తుంటే బీబీసీ మైక్రో మోడల్ బి (ఎనభైల నాటి బ్రిటిష్ కంప్యూటర్) ఒకటి దొరికింది. బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద బడులకి వచ్చినవాటిలో ఒకటై ఉంటుందని నా అనుమానం. ఆన్ చేస్తే బీప్ వస్తోంది, బేసిక్ ప్రాంప్ట్ కూడా వస్తోంది. దీని మీద ప్రోగ్రాములు రాస్తూ తెలుగులో వీడియోలు చేద్దామని ఉంది. వెనక ఉన్న బీఎన్‌సీ సాకెట్ (గుండ్రటి వీడియో సాకెట్) నుంచి చవక యూఎస్‌బీ క్యాప్చర్ డాంగిల్‌కి (పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులుండే రకం) కలిపి ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉంది, పైగా గీతలన్నీ పైకీ కిందకీ వణుకుతున్నాయి, 80 కాలమ్స్ మోడ్ (గీతకి 80 అక్షరాలు) పెడితే అక్షరాలు అసలు చదవలేం. పోయింది డాంగిలా, కంప్యూటరా? ఎమ్యులేటర్ (పాత మిషన్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వాడుకో అని మాత్రం అనకండి ప్లీజ్, అసలు మిషనే చూపించాలి.

సోల్డర్ సూరి:
రెండూ బాగానే ఉన్నాయి, టెన్షన్ పడకండి. ఆ బీఎన్‌సీ సాకెట్లో మామూలుగా వచ్చేదే బ్లాక్ అండ్ వైట్. బోర్డు మీద ఎస్39 అనే లింకు కలిపితే రంగు వస్తుంది గానీ, రంగు సిగ్నల్ కలిశాక అక్షరాల అంచులు ఇంకా పాడవుతాయి, కాబట్టి కోడ్ చూపించడానికైతే దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. వణుకుడు ఇంటర్‌లేస్ వల్ల, అంటే తెరని గీత విడిచి గీతగా రెండు ఫీల్డుల్లో పంపడం వల్ల. దాన్ని ఆపడానికి *టీవీ0,1 అని కొట్టి, తర్వాత తెర మోడ్ మార్చండి, అప్పుడే అది అమల్లోకి వస్తుంది. కొన్ని డాంగిల్స్‌కి ఇంటర్‌లేస్ లేని సిగ్నల్ పడదు, బొమ్మ ఎగిరిపోతుంది. అలా అయితే *టీవీ0,0 తో వెనక్కి వెళ్లి, ఓబీఎస్‌లో ఆ సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి డీఇంటర్‌లేసింగ్‌లో డిస్కార్డ్ పెట్టండి. మోడ్ 0 నుంచి 6 వరకు రెండు ఫీల్డుల్లోనూ ఒకటే బొమ్మ కాబట్టి ఒకటి పారేసినా వివరాలు పోవు, కాకపోతే సెకనుకి 25 ఫ్రేములే మిగులుతాయి. మోడ్ 7 వేరు, అందులో అక్షరాల నునుపు ఇంటర్‌లేస్ వల్లే వస్తుంది.

బిట్టు64:
సూరి అన్న చెప్పింది కరెక్టే, కానీ 80 కాలమ్స్ విషయంలో ఆ డాంగిల్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. లెక్క చూడండి: 80 కాలమ్స్ ఉండే మోడ్ 0లో గీతకి 640 పిక్సెళ్లు, 16 మెగాహెర్ట్జ్ వేగంతో, అంటే 40 మైక్రోసెకన్లు. ఈ డాంగిల్స్ శాంపిల్ చేసేది (సిగ్నల్‌ని కొలిచేది) 13.5 మెగాహెర్ట్జ్ దగ్గర, కాబట్టి ఆ సమయంలో వాటికి చిక్కేవి 540 శాంపిళ్లే. 640 చుక్కల్ని 540లో కుక్కితే అక్షరం ఎలా నిలుస్తుంది?

మీరు వాడాల్సింది పక్కనే ఉన్న ఆరు పిన్నుల ఆర్‌జీబీ సాకెట్. ఈ మిషన్‌లో ఉన్నవి ఎనిమిది రంగులే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగలు ఒక్కోటీ ఆన్ లేదా ఆఫ్, అంతే. అంటే సిగ్నల్ పుట్టుకతోనే డిజిటల్. ఆర్‌జీబీటుహెచ్‌డీఎంఐ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉంది, మొదట బీబీసీ మైక్రో కోసమే తయారైంది. రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ మీద చిన్న బోర్డు కూర్చుంటుంది, ఒక్కో పిక్సెల్‌ని దాని సరైన క్షణంలో చదివి హెచ్‌డీఎంఐగా ఇస్తుంది. అక్షరాలు గీసినట్టు వస్తాయి. తయారైన బోర్డు విదేశం నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్‌తో మీ నాలుగు వేలు దాటిపోవచ్చు, పీసీబీ (ఖాళీ సర్క్యూట్ బోర్డు) చేయించుకుని భాగాలు మీరే అతికించుకుంటే అదుపులో ఉంటుంది. చిప్ కాళ్లు సన్నవి, చెయ్యి తిరిగినవాళ్ల సాయం తీసుకోండి.

వైజాగ్ వైరు:
జీబీఎస్-8200 బోర్డు కూడా ఉంది కదా, ఆర్కేడ్ మిషన్లకి వాడేది?

బిట్టు64:
ఉంది, పని చేస్తుంది. కానీ అది అడిగేది 0.7 వోల్టుల అనలాగ్ ఆర్‌జీబీ, ఇక్కడ వచ్చేది టీటీఎల్, అంటే అంతకన్నా ఎక్కువ వోల్టేజీ ఉండే ఆన్/ఆఫ్ సిగ్నల్. రెసిస్టర్లు లేకుండా నేరుగా కలపొద్దు. పైగా అది ఇచ్చేది వీజీఏ, దాన్ని మళ్లీ హెచ్‌డీఎంఐ చేయడానికి ఇంకో డబ్బా. ఒక పీసీబీతో పోయేదానికి ఇంత తంటా ఎందుకు?

పాతపెట్టె:
సరే, ఆర్‌జీబీ దారే పడతా. హెచ్‌డీఎంఐని కంప్యూటర్లోకి తీసుకోడానికి ఆ చిన్న యూఎస్‌బీ స్టిక్ చాలా? సౌండ్ సంగతేంటి?

సోల్డర్ సూరి:
ఎమ్ఎస్2109 చిప్ ఉన్న స్టిక్ వెయ్యి లోపు దొరుకుతుంది, దీనికి చాలు. "4కే" అని డబ్బా మీద రాసి ఉంటే మురిసిపోకండి, తీసుకోవడమే 4కే, కంప్యూటర్‌కి ఇచ్చేది 1080లో సెకనుకి 30 ఫ్రేములు. మీ మిషన్ 50 హెర్ట్జ్, అందుకని 1280×720, 50 ఫ్రేములు పెట్టండి, ఓబీఎస్ మొత్తాన్ని కూడా 50కే సెట్ చేయండి, లేకపోతే స్క్రోలింగ్ కుదుపుగా కనిపిస్తుంది. సౌండ్ మాత్రం ఆ ఆర్‌జీబీటుహెచ్‌డీఎంఐ బోర్డు ఇవ్వదు. మోడల్ బిలో స్పీకర్ లోపలే ఉంటుంది, బయటికి ఆడియో సాకెట్ లేదు. ముందుగా ఫోన్‌ని ఆ స్పీకర్ దగ్గర పెట్టి రికార్డు చేసి, ఎడిటింగ్‌లో ఆన్ చేసినప్పటి బీప్‌ని గుర్తుగా పెట్టుకుని వీడియోతో కలిపేసుకోండి, అదే చవక.

రేకుల రామ్:
వీటన్నిటికన్నా ముందు పవర్ సప్లై విప్పించి చూపించండి. ఆ కాలం బీబీసీల్లో మెయిన్స్ ఫిల్టర్ కెపాసిటర్లు పైపెంకు పగిలి ఉంటాయి, కాసేపు బాగానే నడిచి హఠాత్తుగా పొగ కక్కుతాయి. ఎక్స్2 రకం (మెయిన్స్ కరెంటుకి వాడేవి) కొత్తవి కొన్ని పదుల రూపాయలే. ప్లగ్ తీసినా లోపల పెద్ద కెపాసిటర్లో కాసేపు ఛార్జ్ ఉంటుంది, అలవాటు లేకపోతే మీరు చెయ్యి పెట్టకండి, టీవీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.