సీసం టైపు మీద ఎక్స్‌ఆర్‌ఎఫ్ రీడింగు కొట్టిన ప్రతిసారీ మారిపోతోంది, సాయం చేయండి

కేసులో_క: పొద్దున పదింటి నుంచి ఇదే పని. తాతయ్య ప్రెస్సులో మిగిలిన తెలుగు టైపు (సీసంతో పోసిన అచ్చు అక్షరాలు) తెచ్చి ల్యాబులో ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తో, అంటే ఎక్స్‌రేలు కొట్టి ఏ లోహం ఎంతుందో చెప్పే పరికరంతో, చూస్తున్నా. ఒకే ‘క’ మీద మూడుసార్లు కొడితే తగరం 2 శాతం, 9 శాతం, మూడోసారి అసలు లేదు. గన్ పాడైందా? ఈ టైపు ఏ కాలందో శుక్రవారానికల్లా రాసివ్వాలి, టెన్షన్‌గా ఉంది.

స్పెక్ట్రం: మోడ్? ట్యూబు వోల్టేజీ ఎన్ని కేవీ (కిలోవోల్టులు)?

పాత_కంపోజిటర్: బాబూ, ముందు ఆ చేత్తో టిఫిన్ తినకు, సీసం అది. ఇక కాలం సంగతంటావా, విరిగిన ఒత్తులూ అరిగిన గుణింతాలూ మూటగట్టి ఫౌండ్రీకి పంపితే కరిగించి మళ్లీ కొత్త టైపు పోసేవాళ్లు. కరిగించిన ప్రతిసారీ పైన తెట్టు కడుతుంది, అది తీసేస్తే సీసంలో కలిపిన తగరం, ఆంటిమొనీ లోహాలు కొంత దాంతోనే పోతాయి, తగ్గినంతా మళ్లీ కలపాలి. ఇక శాతాలు చూసి వయసేం చెప్తావు?





కేసులో_క: సీనియర్లు మట్టి పరీక్షకి పెట్టుకున్న సెట్టింగే, 15 కేవీ. టైపు తుడవలేదు, తెల్లపొడి ఉంది, పాతది కదా.

స్పెక్ట్రం: ఇది ముందే చెప్పాలి కదా! తగరం అసలు గీత (దాన్ని గుర్తుపట్టించే ఎక్స్‌రే) 25.3 కేఈవీ శక్తి దగ్గర వస్తుంది, అది రావాలంటే ట్యూబు 29.2 కేవీ దాటాలి. 15తో నీకు కనిపించేది 3.4 దగ్గర చిన్న గీత, ఆంటిమొనీదీ దుమ్ములోని కాల్షియందీ పక్కనే ఉంటాయి, గన్ దేన్ని దేనిగా లెక్కేసిందో. పైగా సీసంలో అది వెంట్రుక మందం మించి లోపలికి చూడదు, అంటే నువ్వు కొలిచింది చాలావరకు ఆ తెల్లపొడినే. టైపు పెట్టే చెక్క కేసులోంచి (అరల పెట్టెలోంచి) వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం అలా పొడి కడుతుంది. విరిగిన అక్షరం ఒకటి తీసుకో, అచ్చు పడే ముఖం జోలికి పోకుండా అడుగు భాగం కిరసనాయిలు గుడ్డతో తుడువు, పొడిగా గీకొద్దు. అల్లాయ్ (మిశ్రమ లోహం) మోడ్, 40 కేవీ పైన పెట్టి కొట్టు. ఆర్సెనిక్ చూపిస్తే నమ్మకు, దాని గీత సీసం గీత మీదే పడుతుంది.



కేసులో_క: తగరం మూడుసార్లూ 4 శాతం దగ్గరే వచ్చింది, థాంక్సండీ. శుక్రవారం వాయిదా అడుగుతా.

పాత_కంపోజిటర్: చేతులు కడుక్కున్నావా?