ఖ్వారెజ్మ్ షా ఓటమి: చేజేతులా తెచ్చుకున్నదా, తప్పించుకోలేనిదా?

పాతమ్యాపు:
1218లో మంగోలుల రాజు చెంఘిజ్ ఖాన్ పంపిన బిడారును మధ్య ఆసియాలోని ఖ్వారెజ్మ్ రాజ్యపు సరిహద్దు పట్టణం ఒట్రార్‌లో ఆపి, గూఢచారులన్న నెపంతో దాదాపు 450 మంది వర్తకులను చంపేశారు. ఆ పని చేసింది అక్కడి గవర్నర్ ఇనాల్‌చుక్. అతన్ని అప్పగించమని రాయబారి వస్తే, ఖ్వారెజ్మ్ షా రెండో ముహమ్మద్ ఆయన్నీ చంపించాడు. 1220లో బుఖారా, సమర్కంద్ పోయాయి. పారిపోయిన షా కాస్పియన్ సముద్రంలో ఓ దీవి మీద దిక్కులేని చావు చచ్చాడు. నన్నడిగితే ఇది కోరి తెచ్చుకున్న చావే. కాదనేవాళ్లు చెప్పండి.

ఎడారిగాలి:
నేను కాదంటాను. షాకి రాజ్యం ఉంది గానీ పట్టు లేదు. తల్లి తెర్కెన్ ఖాతూన్ గుర్గంజ్ నగరంలో వేరే దర్బారు నడిపేది. సైన్యంలో బలమైన వర్గం ఆమె పుట్టింటివైపు తురుష్క తెగలదే, ఇనాల్‌చుక్ కూడా ఆమె బంధువే. అతన్ని అప్పగిస్తే సొంత సేనానులే తిరగబడేవాళ్లు.

సైన్యమంతా సిర్ దర్యా నది ఒడ్డున ఒకచోట చేర్చి ఎదుర్కొందామని కొడుకు జలాలుద్దీన్ అన్నాడట. షా వినకుండా కోటకింత అని పంచేశాడు. అందరూ దీన్ని పిరికితనం అంటారు. అలా ఒకచోట చేరిన సైన్యం ముందు ఎవరిని దించుతుందో అన్న టెన్షన్ ఆయనది! పోనీ జనమైనా వెంట ఉన్నారా అంటే అదీ లేదు. 1212లో సమర్కంద్ తిరగబడితే ఊళ్లో నెత్తురు పారించి, అక్కడి పాలకుడైన సొంత అల్లుణ్ణే చంపించాడు. ఖలీఫాతోనూ పడలేదు. 1217లో బాగ్దాద్ మీదికి బయల్దేరితే దారిలో మంచు తుఫాను వెనక్కి పంపింది.

కోటగోడ:
కోటలను నమ్ముకోవడం మరీ పిచ్చిపనేం కాదండీ. ఒట్రార్ ఐదు నెలలు ఆగింది. కాకపోతే అవతలివాళ్లు ఉత్త గుర్రపు రౌతులు కారు. 1215లోనే ఉత్తర చైనాను ఏలే జిన్ వంశపు రాజధాని జోంగ్‌డూని (ఇప్పటి బీజింగ్) పట్టుకున్నారు, గోడలు పగలగొట్టే చైనా నిపుణులు వెంట ఉన్నారు. పైగా చెంఘిజ్ ఖాన్ కిజిల్ కుమ్ ఎడారి దాటి, ఎవరూ ఎదురుచూడని వైపు నుంచి బుఖారా ముందు తేలాడు.

రేవుదారి:
షా బదులు జలాలుద్దీన్ గద్దె మీద ఉండుంటే కథ వేరేగా ఉండేది. 1221లో ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని పర్వాన్ దగ్గర మంగోలులను గెలిచాడు కదా!

ఎడారిగాలి:
గెలిచాక ఏమైంది? దోచిన సొమ్ము దగ్గర, ఒక గుర్రం కోసమట, సేనానులు తన్నుకుని సగం సైన్యం విడిచిపోయింది. అదే ఏడు సింధు ఒడ్డున ఓడి, నదిలోకి గుర్రాన్ని దూకించాడు. ఢిల్లీలో ఇల్తుత్‌మిష్ ఆశ్రయమివ్వలేదు. ఇంకో సంగతి: జలాలుద్దీన్ చరిత్ర రాసిన నసవీ ఆయన కొలువులో కార్యదర్శే. కొడుకు వీరుడిగా, తండ్రి చేతకానివాడిగా కనబడ్డంలో వింతేముంది?

పాతమ్యాపు:
ఎడారిగాలి గారూ, తల్లి ఒత్తిడి, సేనాపతుల భయం అన్నీ ఒప్పుకుందాం. గవర్నర్‌ను ఇవ్వలేకపోయాడు, సరే. రాయబారిని చంపమని ఏ తెగ అడిగింది? ఆయనతో వచ్చిన మిగతావాళ్లకు గడ్డాలు తీయించి పంపమని ఎవరు చెప్పారు? నష్టపరిహారం ఇచ్చి, ఏదో సాకు చెప్పి, ఓ ఏడాది నెట్టుకొచ్చే వీలు లేదా? అప్పటికి మంగోలుల పెద్ద యుద్ధం జిన్‌తోనే, అది ఇంకా తేలనే లేదు. దీనికి జవాబు చెప్పండి ముందు.