అపోలో 11 ప్యాచ్ కుట్టులో ఆలివ్ కొమ్మ ముద్దయిపోతోంది, ఏం మార్చాలి?

100 మి.మీ. వ్యాసంలో అపోలో 11 చంద్రయాత్ర చిహ్నమైన ప్యాచ్‌కి మెషిన్ ఎంబ్రాయిడరీ. గుడ్డ ట్విల్, దారం 40 వెయిట్ పాలియెస్టర్, కింద రెండు పొరల కటవే స్టెబిలైజర్ (గుడ్డ సాగకుండా అడుగున వేసే, కుట్టాక మిగిలింది కత్తిరించే పొర). పైనున్న 7 మి.మీ. అక్షరాలు శుభ్రంగానే వస్తున్నాయి. తంటా అంతా ఆలివ్ కొమ్మ పట్టుకున్న గద్ద గోళ్ల దగ్గరే.

ఆకుల వెడల్పు 1 మి.మీ. లోపు. శాటిన్ కుట్టు (అటూ ఇటూ దగ్గరగా వేసేది) వేస్తే సూది ఒకేచోట దిగి దారం ముద్దకడుతోంది, రన్నింగ్ కుట్టు (ఒకే వరుస కుట్టు) వేస్తే ఆకు కాస్తా గీత అయిపోతోంది. కొమ్మ తీసేయమని మాత్రం చెప్పకండి. ప్యాచ్ గీసిన అపోలో 11 వ్యోమగామి మైఖేల్ కొలిన్స్ మొదట దాన్ని గద్ద ముక్కున పెట్టారు. ఖాళీ గోళ్లు దాడికి దిగుతున్నట్టున్నాయని తర్వాత గోళ్లలోకి మార్చారు. శాంతి అనే అర్థమంతా ఆ కొమ్మలోనే ఉంది. ఆకులు తగ్గించి ఒక్కోటి 1.5 మి.మీ. చేయడమా, లేక ఆ భాగానికి ఇంకా సన్నని 60 వెయిట్ దారం, సన్నని 65/9 సూది వాడటమా?

రెండోది, నల్ల ఆకాశాన్ని నింపే కుట్టు (ఫిల్) అడ్డంగా కుట్టేసరికి వృత్తం ఆ దిశలో కుంచించుకుపోయి, కుడి ఎడమల అంచు దగ్గర గుడ్డ బయటపడుతోంది. పుల్ కాంపెన్సేషన్ (కుంచించుకుపోతుందని ముందే ఆకారాన్ని కాస్త వెడల్పు చేయడం) 0.3 మి.మీ. ఇచ్చినా అంతే. ఇంకా పెంచాలా, అండర్‌లే (ఫిల్‌కి ముందు అడుగున వేసే ఆధార కుట్టు) దిశ మార్చాలా?

చివరగా, అసలు ప్యాచ్‌లో భూమి నీడ ఎడమవైపుంది; చంద్రుడి మీంచి చూస్తే కింద ఉండాలి. నకలులో ఆ తప్పును అలాగే ఉంచుతారా?