గ్రామసభలో అడిగిన మాట తీర్మానాల పుస్తకంలోకి ఎక్కాలంటే ఏం చేయాలి?

ఉద్దానం ఆడపడుచు:
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న చోటు. తొమ్మిదేళ్లు ఒక సంస్థలో చేశాను. ఇంటింటికీ తిరిగి జనాన్ని క్రియాటినిన్ పరీక్షకి (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే రక్తపరీక్ష) తీసుకెళ్లడం, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లని బస్సెక్కించడం, పింఛను కాగితాలు రాసిపెట్టడం నా పని. సంస్థ మూతపడింది. జనం మాత్రం ఇప్పటికీ రిపోర్టు కవర్లు పట్టుకుని మా గుమ్మంలోకే వస్తారు. ఒక్కొక్కరి కాగితాలు చూసిపెడితే సరిపోదని నిరుడు గ్రామసభకి వెళ్లాను. ట్యాంకు కడిగించమని, బోరు నీళ్లు పరీక్ష చేయించమని అడిగాను. అందరూ సరేనన్నారు. చివర్లో పుస్తకం చేతికొస్తే పేజీ ఖాళీ, కింద సంతకాలే! జీడిపిక్కలు కొట్టి వేళ్లు నల్లబడ్డ మా పెద్దమ్మ నా ముందే ఆ ఖాళీ పేజీ కింద వేలిముద్ర వేసింది. తర్వాత చూస్తే మా మాట ఒక్కటీ అందులో లేదు. గొడవ పడకుండా ఎలా రాయించాలి?

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి:
అమ్మా, నోటితో అడిగింది నిలవదు. సభకి ముందే అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. సభలో "తీర్మానం చదివి వినిపిస్తే సంతకాలు పెడతాం" అనండి, అంతే. ఇది మీ హక్కు, గొడవ కాదు. డబ్బుల్లేవంటే, 2021-26కి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కదా, మన ఊళ్లో దేనికెంత ఖర్చయిందని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో చెప్పాలి.

ఆశా కార్యకర్త, విజయనగరం:
అక్కా, ఒక్క మాట. అర్జీలో "నీళ్ల వల్లే కిడ్నీలు పోతున్నాయి" అని రాయకు. ఉద్దానం జబ్బుకి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు, ఆ ఒక్క వాక్యం పట్టుకుని మొత్తం పక్కన పెట్టేస్తారు. పరీక్ష చేయించమని మాత్రమే అడుగు. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి కిట్‌తో నీటి పరీక్ష నేర్పాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో సభలోనే అడుగు. కిట్‌తో అన్నీ తెలియవు, ల్యాబ్‌కి కూడా పంపమను.

ఉద్దానం ఆడపడుచు:
ఆ వాక్యం నిజంగానే రాసేదాన్ని చెల్లీ, మంచిమాట చెప్పావు. ఆ ఐదుగురి సంగతి ఊళ్లో ఎవరికీ తెలీదు, నాక్కూడా. రాత్రి అర్జీ రాసి పెద్దమ్మకి చదివి వినిపించాను. ఈసారి పేజీ చదివాకే వేలు పెడతానంది.