‘ఊరకే సాయము’లో ఊరకే అంటే ఏమిటి?

శీర్షికాన్వేషి: ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికాల ఆకస్ రక్షణ ఒప్పందం మీద వ్యాసం రాస్తున్నాను, ‘ఊరకే సాయము’ అని శీర్షిక పెడదామని ఉంది. ఆస్ట్రేలియాకు వచ్చే జలాంతర్గాములు అణుశక్తితో నడుస్తాయి కానీ అణ్వాయుధాలు మోయవు. ఆ మాట రాస్తుంటే ‘ఆయుధమున్ ధరింప నని కగ్గముగా నొకపట్ల నూరకే సాయము సేయువాడ’ అని తిరుపతి వేంకటకవుల కృష్ణుడు బుర్రలో దూరాడు. ‘ధరింపను అని’ అని విడదీస్తే ‘కగ్గము’ మిగిలిపోతోంది. ఏమిటది?

యతిప్రియ: అచ్చులో ముక్కలు చేసి చంపారు. ‘అని’ అంటే ఇక్కడ యుద్ధం. ధరింప(ను), అనికి, అగ్గముగా. అగ్గమంటే లోబడినది, వశం. ఉత్పలమాలలో పదో అక్షరం యతిస్థానం కదా, మొదటి ‘ఆ’కు ‘క’లో దాక్కున్న ‘అ’తో మైత్రి. మీ విరుపుతో యతి గోవిందా.

పాతకాగితం: యతి సరే. అసలు పేచీ ‘ఊరకే’ దగ్గరుంది. ఉచితంగానా, ఏమీ చెయ్యకుండానా? ఉచితం అనుకుంటే మీ శీర్షిక అక్కడే మునిగింది. ఆకస్ జలాంతర్గాములకు 2050ల దాకా 268 నుంచి 368 బిలియన్ ఆస్ట్రేలియన్ డాలర్లవుతుందని 2023లో వాళ్ల ప్రభుత్వమే అంచనా చెప్పింది.

శీర్షికాన్వేషి: ‘ఊరకే రారు మహానుభావులు’లో ఊరకేకి ‘కారణం లేకుండా’ అనే అర్థం ఉంది కదండీ?

యతిప్రియ: అది వేరు. ‘ఊరకుండు’లోని ఊరక ఇది. చెయ్యి కదపకుండా పక్కనుంటాను అని. అయినా జంటకవుల పద్యానికి నిఘంటువుతో పనేముంది, రాగం తీసి చదివితే అర్థం అదే తెలుస్తుంది. రెండు భాషల్లోనూ తామే కవీంద్రులమని చెప్పడానికి మీసాలు పెంచినవాళ్లు! ఆ మీసాల పద్యం కూడా ఉత్పలమాలే.

రెండోతాళం: మీసాలు తర్వాత. నాకు ‘ధరింప’ మీదే అనుమానం. ధరించడం వేరు, ప్రయోగించడం వేరు. నాటోలో బెల్జియం, జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్స్ సంగతి చూడండి. అక్కడున్న బీ61 అణుబాంబులు అమెరికావి, కాపలా అమెరికా సైనికులది. యుద్ధమొస్తే వాటిని మోసుకెళ్లే విమానాలూ పైలట్లూ మాత్రం ఆ దేశాలవి. అమెరికా అధ్యక్షుడు అనుమతించనిదే బాంబు పేలదు. వీళ్లు ఆయుధం ధరించినట్టా, ధరించనట్టా? 1968లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం సంతకాలకు వచ్చినప్పటినుంచీ నలుగుతున్న తగాదా ఇది. శాంతికాలంలో బాంబు మా చేతిలోనే ఉంది కాబట్టి ఎవరికీ ఇచ్చినట్టు కాదని అమెరికా వాదన.

పాతకాగితం: బ్రిటన్‌ది ఇంకో రకం. వార్‌హెడ్ సొంతం, జలాంతర్గామి సొంతం, దాన్ని మోసే ట్రైడెంట్ క్షిపణి మాత్రం అమెరికాతో ఉమ్మడి నిల్వలోంచి తెచ్చుకున్నది. అమెరికాతో 1958లో చేసుకున్న పరస్పర రక్షణ ఒప్పందాన్ని 2024లో గడువే లేకుండా పొడిగించుకున్నారు. ఇక్కడ ‘ఊరకే’కి చోటెక్కడ?

పోతనభక్త: ఎవరూ అసలు సంగతి ఎత్తరేం? ఆయుధం పట్టనన్న ఆ కృష్ణుడే భీష్ముడి మీదికి చక్రంతో దూకాడు. ‘కుప్పించి యెగసిన కుండలంబుల కాంతి’ ముందు నాటక పద్యాలెంత! మాట తప్పినా మిత్రుణ్ణి కాచాడు. అణు గొడుగు కింద, అంటే బాంబున్న మిత్రుడి అభయం కింద, ఉన్నవాళ్ల భయం దీనికి తిరగేసినది. మాట ఇచ్చినవాడు ఆ రోజున దూకుతాడా అని. పారిస్ కోసం న్యూయార్క్‌ను పణం పెడతారా అని 1961లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ అమెరికా అధ్యక్షుడు కెనెడీని అడిగింది అదే. జవాబు మీద నమ్మకం లేకే ఫ్రాన్స్ సొంత బలగం నిలబెట్టుకుంది. నాటో అణు ప్రణాళికా బృందంలో ఇప్పటికీ లేదు.

యతిప్రియ: భాగవతం లాగితే మళ్లీ రాత్రంతా అక్కడే ఉంటాం. పోతన పద్యం భక్తుడి నోట్లోది, ఇది బేరం కుదుర్చుకుంటున్నవాడి నోట్లోది. షరతు ముందే చెప్పేస్తున్నాడు, తర్వాత ఎగ్గులాడొద్దని, అంటే తప్పుపట్టొద్దని.

రెండోతాళం: బేరమంటే గుర్తొచ్చింది. 2023లో అమెరికాతో కలిసి చేసిన వాషింగ్టన్ ప్రకటనలో దక్షిణ కొరియాకు దక్కింది అణు సంప్రదింపుల బృందం. బాంబు ఇవ్వలేదు, మీట ఇవ్వలేదు, మాట్లాడే కుర్చీ ఇచ్చారు. బదులుగా సొంత బాంబు జోలికి పోమని కొరియా మరోసారి చెప్పింది. ‘ఆయుధమున్ ధరింప’ వాళ్లకే అతుకుతుంది, ఆస్ట్రేలియాకు కాదు.

పాతకాగితం: అతకదు. ఆ మాట పద్యంలో సాయం చేసేవాడిది, కొరియా సాయం పుచ్చుకునేది.

శీర్షికాన్వేషి: అయితే ‘అణు గొడుగు’ అని పెట్టేస్తాను.

యతిప్రియ: ఆకస్‌లో గొడుగెక్కడిదండీ, అది ఇంజను బేరం. పైగా ‘అణుఛత్రం’ అంటే ఏం పోయింది?

పోతనభక్త: ఛత్రమంటే రాజుగారి గొడుగు. కింద నిలబడ్డవాడు రాజు, పట్టుకున్నవాడు సేవకుడు. ఇక్కడ పట్టుకున్నవాడే రాజు. గొడుగే ఉంచండి.

యతిప్రియ: ఛత్రచ్ఛాయ అన్న మాట వినలేదా తమరు?