పొగ తాగేవాళ్లలో నూటికి 16 మందికేనా? మిగతా 84 మంది మాటేమిటి?

రేవుపాలెం: సిగరెట్ మానని మగవాళ్లకి 75 ఏళ్లలోపు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు నూటికి 16 అని బ్రిటన్‌లో రిచర్డ్ పీటో బృందం 2000లో లెక్క తేల్చింది. డాక్టర్లేమో ఈ రోగుల్లో పదికి తొమ్మిది మంది పొగవాళ్లే అంటారు. ఏది నమ్మాలి?

లెక్కలపంతులు: రెండూ నిజమేనండీ. రోగుల్లో పొగ తాగేవాళ్లెందరన్నది ఒక ప్రశ్న, పొగ తాగేవాళ్లలో రోగులెందరన్నది ఇంకో ప్రశ్న. 16ని పోల్చాల్సింది 84తో కాదు. అసలు ముట్టనివాళ్లలో అది నూటికి ఒకటి కూడా లేదు.

రేవుపాలెం: నా 84కి జవాబు రాలేదు. ఫిషర్ అంతటి గణాంకవేత్తే 1950లలో ఒప్పుకోలేదు. పొగ అలవాటూ ఈ జబ్బూ రెండూ పుట్టుకతోనే రావచ్చన్నాడు.

లెక్కలపంతులు: పుట్టుకతో వచ్చేదైతే మానేసినా తగ్గకూడదు కదా? అదే లెక్కలో 60 ఏళ్లకి మానితే ముప్పు నూటికి 10, 50కి 6, 40కి 3, 30కి 2 లోపే.

బొబ్బిలి_కోడలు: 84 మందీ క్షేమమని ఎవరన్నారు? గుండెజబ్బు లేదా? మా వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలకి అంగిట్లో పుండ్లు చూశాను నేను.

రేవుపాలెం: మళ్లీ పక్కదారి! 84 అంటే 84.

లెక్కలపంతులు: ఇంత మొండితనమా! మా తమ్ముడు అచ్చం మీలాగే ఆ 84 చూపించి రోజుకో పెట్టె కాలుస్తున్నాడు.

రేవుపాలెం: మా అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. ఆస్పత్రిలో మొదటి ప్రశ్నే "రోజుకెన్ని?" అని. లేదంటే నమ్మలేదు. అంతమందిలో తల దించుకుంది. పోయేదాకా ఆ మాటే తలుచుకుంది. మీ "పదికి తొమ్మిది" వల్లే అది.

లెక్కలపంతులు: క్షమించండి. పదికి తొమ్మిది అన్నది బ్రిటన్, అమెరికాల మాట. మన ఆడవాళ్లకి అది చెల్లదు. ఈ జబ్బొచ్చినవాళ్లలో పొగ ఎరగనివాళ్లు చాలామంది. కట్టెలపొయ్యి పొగా ఒక కారణమే. ఇది నేను మొదటే రాయాల్సింది.

రేవుపాలెం: మీ తమ్ముడికి నా 84 చూపించకండి. కానీ "పదికి తొమ్మిది" అని రాసిన ప్రతిచోటా ఆ పదో మనిషి గురించి ఒక్క వాక్యం రాయండి. ఇది మాత్రం వదలను.

కొత్తసభ్యురాలు: 40కి మానితే ఎంతన్నారు? మా ఆయనకి 43.

లెక్కలపంతులు: 3 అమ్మా. 50కి మానినా 6. ఈ అంకెలు ఆయనకి ఇవాళే చూపించండి.