ఇంట్లోనే సీపీఆర్ ఆపేసి ‘ఇక లేరు’ అని చెప్పే అధికారం 108 ఈఎంటీకి ఇవ్వొచ్చా?

వెలిగొండనీడ:
యర్రగొండపాలెం నుంచి ఒంగోలు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల పైమాటే. ఉదయగిరి నుంచి నెల్లూరికీ ఇంచుమించు అంతే. ఇంట్లో గుండె ఆగిన మనిషికి ఈఎంటీ (108 అంబులెన్స్‌లో వచ్చే అత్యవసర వైద్య సిబ్బంది) అరగంట సీపీఆర్ (ఛాతీ నొక్కి ఊపిరి ఇవ్వడం) చేసినా నాడి రాలేదనుకోండి. మన దగ్గర మరణాన్ని ధ్రువీకరించాల్సింది రిజిస్టర్డ్ డాక్టరే. అందుకని ఆశ లేదని తెలిసినా బండి ఎక్కించి దగ్గర్లో ఏది ఉంటే ఆ ఆసుపత్రికి పరిగెత్తిస్తున్నారు. కొన్ని దేశాల్లో పారామెడిక్ ఇంటి దగ్గరే ఆపేస్తాడు. ఇక్కడా ఆ అధికారం ఇవ్వాలంటాను. ఎందుకు కూడదో చెప్పండి.

కొత్తపట్నం_అల:
కూడదు. 108లో శవాన్ని ఎక్కించరని ఊరందరికీ తెలుసు. కాబట్టి ఎక్కించారంటే ప్రాణం ఉన్నట్టు, ఎక్కించకుండా పోయారంటే ‘చూసి పోయారు, చెయ్యి కూడా వెయ్యలా’ అన్నట్టు. ఈ లెక్కని ఒక సర్క్యులర్‌తో చెరిపెయ్యలేరు. పైగా మేడ ముందు ముప్పై నిమిషాలు, కాలనీలో పది నిమిషాలు చేసి ఆపరని హామీ ఏంది?

పెన్నాగట్టు:
అల గారూ, ఉన్న కాస్త అవకాశమూ ఆ ఎక్కించడంలోనే పోతుంది.

సీపీఆర్ అంటే రొమ్ము ఎముక కింది సగం మీద నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా లేవాలి. 30 నొక్కులకి 2 ఊపిరులు. రెండు నిమిషాలకి మనిషి మారాలి, ఎందుకంటే అలిసిన చేతికి లోతు తగ్గుతుంది, నొక్కేవాడికి మాత్రం బాగానే నొక్కుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు బండి వెనక తలుపు తీసి చూడండి. ఉండేదే ఇద్దరు. పైలట్, అంటే డ్రైవరు, స్టీరింగ్ దగ్గరికి పోతే ఈఎంటీ ఒక్కడే. పైన కమ్మీ ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో నొక్కుతాడు. ఊపిరి ఇవ్వాలంటే తల వైపు జరగాలి, అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి) మాస్కు గాలి పోకుండా ముఖానికి బిగించి పట్టడానికే ఒక చెయ్యి కావాలి. అంతలో స్పీడ్ బ్రేకర్. నొక్కులు ఆగినప్పుడల్లా గుండె కండరానికి రక్తం తోసే ఒత్తిడి పడిపోతుంది, మళ్ళీ అంత ఒత్తిడి రావడానికి చాలా నొక్కులు పడతాయి. అదే ఇంటి వసారాలో అయితే పైలట్ ఒక చెయ్యి వేస్తాడు, ఊళ్ళో కుర్రాడొకడికి చూపిస్తే వాడూ నొక్కుతాడు.

యంత్రంతో ఛాతీకి ఇచ్చే కరెంటు షాక్‌తో దారికొచ్చే గుండెకి సీపీఆర్ కూడా అందకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం తగ్గిపోతుంది. షాక్, 3-5 నిమిషాలకోసారి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్, ఇవన్నీ ఉన్నచోటే జరగాల్సినవి. ‘ఇంకా ఇక్కడే ఏం చేస్తన్నారు, ఎక్కించండి’ అని మీదపడే జనానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

వెలిగొండనీడ:
ఆపడానికీ ఒక కొలత ఉంది. కెనడాలో తయారైన నియమంలో మూడే మాటలు: గుండె ఆగింది అంబులెన్స్ సిబ్బంది కళ్ళ ముందు కాదు, షాక్ ఒక్కటీ ఇవ్వాల్సి రాలేదు, నాడి ఒక్కసారీ తిరిగి రాలేదు. మూడూ కలిస్తేనే ఆపుతారు.

చెరువుకాపలా:
ఆ మూడు మాటలూ తెచ్చి మన జిల్లాల్లో ఉన్నపళంగా పెడితే బతికే మనుషుల్ని పారేస్తాం అన్నా. ఆ నియమం గుండెజబ్బుతో కూలిపోయిన వాళ్ళ కోసం రాసింది. మన దగ్గర ఎవరు కూలిపోతున్నారో చూడండి.

కట్లపాము. నేల మీద పడుకున్నప్పుడు రాత్రిపూట కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, కాటు గుర్తు కూడా చాలాసార్లు దొరకదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి, మాట పడిపోయి, ఆఖరికి ఊపిరి ఆగుతుంది. కంటిపాప పెద్దదై టార్చి వేసినా కదలదు. చూసిన ప్రతివాడూ పోయాడనే అంటాడు. కానీ మెడ పక్కన పది సెకన్లు వేళ్ళు పెట్టి ఓపిగ్గా చూస్తే నాడి ఉంటుంది. వాడికి కావాల్సింది ఊపిరి. ఆరు సెకన్లకోసారి అంబు బ్యాగ్ నొక్కుతూ, ఛాతీ లేచేంత మాత్రమే నొక్కుతూ, వెంటిలేటర్ ఉన్నచోటుకి చేర్చాలి. గట్టిగా నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కంటిపాప చూసి ఆపే అధికారం ఇస్తే మొదట పోయేది ఈ మనిషే.

రొయ్యల చెరువులో ఏరేటర్ షాకు. ఉప్పునీళ్ళు, నానిన కేబులు. ముందు స్టార్టర్ బాక్సు దగ్గర మెయిన్ తియ్యాలి, తియ్యకుండా దూకితే రెండో శవం. గట్టుకి లాగాక ఛాతీ పొడిగా తుడవాలి, తడి మీద షాక్ ఇచ్చే ప్యాడ్లు అంటుకోవు, అంటుకున్నా కరెంటు చర్మం మీదుగా జారిపోతుంది. ఎక్కువమంది కుర్రాళ్ళు, గుండె మంచిది, లయ మాత్రమే చెడింది. ఇక్కడ తొందరగా ఆపడం నేరం.

మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రంలో మునిగినవాళ్ళకి ఊపిరే మొదటి మందు. పొట్ట నొక్కి నీళ్ళు కక్కిస్తూ, తలకిందులుగా తిప్పుతూ పోగొట్టే నిమిషాలు తిరిగి రావు.

పెన్నాగట్టు:
కాపలా చెప్పింది నిజం, నేను రాయాల్సింది. పాము, కరెంటు, నీళ్ళు, పురుగుమందు, పిల్లలు, గర్భిణి: ఈ ఆరింట్లో ఇంటి దగ్గర ఆపే ప్రశ్నే రాకూడదు.

ఇంకో చిక్కు గుండె లయ చూపే మానిటర్‌తో. గీత చదునుగా ఉందని పోయారనుకోకూడదు. చెమట పట్టిన ఒంటి మీద ఎలక్ట్రోడ్ ఊడినా గీత చదునే. కాబట్టి చదునుగీత కనిపిస్తే వరసగా వైర్లు చూడాలి, లీడ్ (గుండెని చూసే కోణం) మార్చి చూడాలి, గెయిన్ (గీతని పెద్దది చేసి చూపే అమరిక) పెంచి చూడాలి. సన్నగా వణుకుతున్న గుండె తక్కువ గెయిన్‌లో చదునుగానే కనిపిస్తుంది, దానికి షాక్ పని చెయ్యొచ్చు. మానిటర్, డీఫిబ్రిలేటర్ (షాక్ ఇచ్చే యంత్రం), వెంటిలేటర్ ఉండేది ఏఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్) బండిలో. అన్ని బండ్లూ ఏఎల్ఎస్ కావు.

కొత్తపట్నం_అల:
మీరే నా వైపు వాదిస్తున్నారు! సరే, ఇంకో మాట. మంచాన పడ్డ క్యాన్సర్ మనిషి ‘నాకు సీపీఆర్ వద్దు’ అని కాగితం రాసిపెట్టుకుంటే, ఈఎంటీ దాన్ని చూసి ఆగాలా?

నోటరీమెట్లు:
ఆగడానికి చట్టంలో దారి లేదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో లివింగ్ విల్‌ని, అంటే ఆఖరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని, ఒప్పుకుంది. 2023 జనవరిలో పద్ధతి సులువు చేసి, ఇద్దరు సాక్షులతో నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలంది. కానీ దాన్ని అమలు చేసేది ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు చూశాకే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో ఇచ్చిన డీఎన్ఏఆర్ (గుండె ఆగితే సీపీఆర్ చెయ్యొద్దనే ఆదేశం) మార్గదర్శకాల్లో కూడా నిర్ణయం వైద్యం చేస్తున్న డాక్టరుది. అర్ధరాత్రి వసారాలో ఆ కాగితం అసలుదో కాదో, మనసు మార్చుకున్నారో లేదో తేల్చమని ఈఎంటీ మీద పెట్టడం అన్యాయం. వద్దనుకున్న ఇంట్లో ఎగశ్వాస మొదలవగానే కంగారులో 108కి కొడతారు చూశారూ, అసలు తప్పు అక్కడ జరుగుతుంది. ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఆయాసం పెరిగితే ఏ మందు ఎంత ఇవ్వాలో ఆ డాక్టరు ముందే రాసి గోడకి అంటించి ఉండాలి.

సబ్‌సెంటర్‌బెంచీ:
ఎగశ్వాస మాటొచ్చింది కాబట్టి. గుండె ఆగిన కాసేపటిదాకా నోరు తెరిచి గుటకలు వేసినట్టు ఊపిరి లాగుతారు. ఇంటివాళ్ళు ‘ఊపిరి ఆడతంది’ అంటారు, ఫోన్‌లో విన్నవాళ్ళు నమ్ముతారు, నొక్కులు మొదలు కావు. పలకరిస్తే పలక్కపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే నొక్కడం మొదలుపెట్టాలి, అంతే.

ఇంకోటి ‘ఒళ్ళు వెచ్చగానే ఉంది కదమ్మా’. రోహిణి కార్తెలో బయట 44 డిగ్రీలుంటే శవం ఎట్టా చల్లబడుద్ది? వెచ్చదనం లెక్కలోకి రాదు. దవడ బిగుసుకోవడం, వీపు కింద నెత్తురు దిగి ఊదారంగు మచ్చలు కట్టడం, ఈ రెండూ కలిసి ఉంటే సీపీఆర్ మొదలుపెట్టాల్సిన పని లేదు. ఆ మచ్చలు ఇంటిపెద్దకి ఒక్కరికి చూపించి చెబితే చాలావరకు గొడవ ఉండదు. ఏం చెప్పకుండా కిట్ సర్దుకుంటేనే రాయి లేస్తుంది.

వెలిగొండనీడ:
సరే, నా ప్రతిపాదన మార్చుకుంటున్నా. ఈఎంటీ ఒక్కడే ఆపడం వద్దు. కంట్రోల్ రూములో డాక్టరు ఎటూ ఉంటారు. ఏఎల్ఎస్ బండి అయి, ఆ ఆరింట్లో ఏదీ కాకపోయి, 20 నిమిషాలు నిండి, మూడు మాటలూ కలిస్తే ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇంటివాళ్ళు వింటుండగా డాక్టరే చెప్పాలి. టైము పడ్డ ఈసీజీ స్ట్రిప్ ఒకటి పీసీఆర్ ఫారానికి (ఈఎంటీ కేసు వివరాలు రాసే ఫారం), ఒకటి ఇంటివాళ్ళకి.

కొత్తపట్నం_అల:
స్పీకర్ మాట బాగుంది, మేడకీ కాలనీకీ ఒకే గొంతు వినిపిస్తుంది. కానీ ఫోన్‌లో చెప్పిన డాక్టరు ఫారం 4ఏ మీద (ఆసుపత్రి బయట జరిగిన చావుకి కారణం ధ్రువీకరించే పత్రం) సంతకం పెడతారా? పెట్టకపోతే దహనం అయ్యాక డెత్ సర్టిఫికెట్‌లో కారణం కోసం ఆ ఇంటివాళ్ళు ఎవరి చుట్టూ తిరగాలి? అనుమానపు చావైతే పోలీసు పంచనామా అయ్యేదాకా శవం దగ్గర ఎవరుంటారు? ఈఎంటీని అక్కడే కూర్చోబెడితే పక్క మండలంలో కాన్పు కేసుకి బండి లేదు. శవాల్ని చేరవేసే మహాప్రస్థానం బండ్లు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేవి, ఇంటి నుంచి పోస్టుమార్టానికి తీసుకుపోయే బండి ఏది? వీటికి జవాబు రాయండి, అప్పుడు చెయ్యెత్తుతా.

నోటరీమెట్లు:
పంచనామా సంగతి నేను రాస్తా. ఫారం 4ఏ సంగతి మాత్రం డాక్టర్లు ఎవరైనా చెప్పాలి.